కొలిమి కింది చిట్టెం

మద్రాసు, 14 జులై 1974

ఏమండీ,

నిన్న మీ ఆబ్దికం అయింది. ఈ ఉదయం ఎన్నూరు ఏటి ఒడ్డున పాత ఇనుప కొలిమి చూడబోయి, ఒళ్లు మండిపోయి వచ్చి రాస్తున్నాను. అక్కడ కొత్త బోర్డు పెట్టారు: “ఇనుము కరిగించడం ఇక్కడివారికి దొరలే నేర్పారు.” రాసింది అక్కడి పనులు చూస్తున్న మన మనవడు రవి.

ఆ కొలిమికి దొరలు కట్టిన పునాది కింద, అంతకుముందే ఇక్కడివారు ఇనుము కరిగించగా మిగిలిన చిట్టెం ఉందని మీరు తవ్వి చూపించారు కదా, ఆ చిట్టేన్నే వాడు లారీకి ఎత్తిస్తున్నాడు.

“ఈ చెత్త ఈడెందుకవ్వా? ఎల్లుండి మంత్రి వస్తాడు.”

“చెత్త నీ తలకాయలో ఉండాది రా! మీ తాత తవ్వతా ఉంటే ఆడే కూర్చోని ముంజెలు తింటివే!”

ఇక జరగవలసినవి:

1. లారీలోని చిట్టెం తీసిన చోటే పోయాలి.
2. బోర్డు మీది ఆ మాటను రవి తన చేత్తోనే చెరపాలి.
3. మంత్రికి అసలు చరిత్ర చెప్పాలి. మీరు లేరు గనక నేనే చెబుతాను.