ఇక చాలు అనే కబురు

మార్చి 11, మంగళవారం

అక్కకు,

నమస్కారాలు. వార్డులో నీకు కిటికీ పక్క మంచం దొరికిందని బావ చెప్పాడు, సంతోషం. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఫోన్లో నాకు నోరు పెగలదని నీకు తెలుసు. అందుకే ఉత్తరం.

నా కిడ్నీ నీకు ఇవ్వలేను. ఇస్తానన్నదీ నేనే, కాదంటున్నదీ నేనే. కారణం అడగొద్దని అమ్మతో అన్నాను. పుస్తకాల్లో తల దూర్చుకునేదానికి కత్తి పేరెత్తితే వణుకు రాక ఏమొస్తుందే అంది. నాలుగు రోజులుగా మాటల్లేవు. కంచం మాత్రం చప్పుడయ్యేలా పెడుతోంది.

పిన్ని ఇస్తానంది. రక్తం గ్రూపు కలిసింది, మిగతా పరీక్షలు ఈ వారంలో అయిపోతాయి. కుట్టుమిషను ఆపకుండానే, రెండున్నాయి కదే, ఒకటి కూర్చుని తింటోంది, దాన్ని పనిలో పెట్టండి అంది.

కొత్త కిడ్నీని కూడా ఈ లూపస్ జబ్బు తినేస్తుందా అని అడిగావు. ఒంట్లోకి క్రిమి వస్తే కొన్ని తెల్లకణాలు కబురు పెడతాయి. అది అందుకుని బి కణాలు ఆ క్రిమికి అంటుకునే యాంటీబాడీలు తయారుచేస్తాయి. పని అయ్యాక ఇక చాలు అనే కబురు కూడా వెళ్లాలి. నీలో అది సరిగా పనిచేయడం లేదు. తయారీ ఆగదు. ఆ యాంటీబాడీలు నీ కణాల లోపలి సరుకుకే అంటుకుని, ముద్దలై కిడ్నీ జల్లెడలో ఇరుక్కుంటాయి. మాత్రలు మానకపోతే కొత్తదానికి ఆ ప్రమాదం తక్కువ. ఇందులో నీ తప్పేమీ లేదు.

నీ చెల్లెలు

తా.క. మా ల్యాబులో నీ జబ్బుకు పరీక్ష చేసేటప్పుడు, పక్కన ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తం కూడా పెట్టి చూస్తాం. జబ్బున్న రక్తం పెడితే వెలుగుతుంది, ఇది వెలగకూడదు. పోయిన నెల నాది పెట్టాను. మైక్రోస్కోపులో ఆకుపచ్చగా వెలిగింది. సీసాలు తారుమారు చేశావు, బుర్ర ఏ నవలలో వదిలొచ్చావమ్మా అని మేడమ్ కేకలేసింది. మళ్లీ చేశాను. మళ్లీ వెలిగింది. దాంతోనే జబ్బని తేలదు కాబట్టి డాక్టరు మిగతావీ చేయించారు. అవీ నీలాగే వచ్చాయి. నా కిడ్నీలు ఇప్పటికి బాగున్నాయి, కానీ నా దగ్గర తీసుకోరట. నీ ఆపరేషన్ అయ్యాక అమ్మకు నేనే చెబుతాను, అంతవరకు నువ్వు నోరు విప్పకు.

ఈ పొద్దున మొదటి మాత్ర వేసుకున్నాను. నీళ్లు తాగేలోపే నాలుక మీద కరిగింది. ఇంత చేదని ఇన్నేళ్లలో ఒక్కసారైనా చెప్పలేదేం అక్కా?