మూడు రోజుల గది

గుంటూరు,
18-4-1987, శనివారం.

ప్రభువునందు ప్రియుడైన తమ్ముడు తోమాకు,

నీ అక్క సంతోషకుమారి వందనాలు చెప్పి రాస్తున్న సంగతులు. మరదలికి, నేనింకా కళ్లతో చూడని పిల్లలకు నా ఆశీస్సులు. మేమిక్కడ క్షేమం అని రాయబోయి కలం ఆపాను. పదిహేడేళ్లుగా పిల్లలకు ఉత్తరం ఎలా రాయాలో నేర్పుతున్నదాన్ని, మొదటి వాక్యం దగ్గరే చిక్కుబడ్డాను. నా విద్యార్థి ఎవడైనా ఇలా ఆగితే చెవి మెలిపెట్టి ఉండేదాన్ని.

పదహారేళ్ల తర్వాత నా చేతిరాత చూసి ఎవరు పోయారో అని హడలిపోతావని తెలుసు. ఇప్పుడెవరూ పోలేదు. కుదురుగా కూర్చుని చదువు. వేటపాలెం నుంచి జీడిపప్పు తెచ్చి మా వీధుల్లో అమ్మే పీరు నాలుగేళ్ల కిందటే నీ అడ్రసు రాసిచ్చాడు. దాన్ని బడి హాజరుపట్టీ అట్టలో దాచుకున్నాను. రెండు బస్సులు మారితే నీ గుమ్మంలో ఉంటాను. ఒక్కసారీ బయలుదేరలేదు. రెండేళ్ల కిందట అమ్మ పోయినప్పుడు కూడా నీకు కబురు చేయలేదు.

ఇప్పుడు గుంటూరులో ఒక ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. లోపల మంచం మీద ఉన్నది మీ బావ యేసుపాదం. ఐదు రోజులైంది ఇక్కడికి వచ్చి. నాకింకా తల తిరుగుతూనే ఉంది.

మీ బావ తాగుతాడని నీకు తెలియదు. నువ్వున్నప్పుడు తాగేవాడు కాదు. పత్తి వచ్చాక మొదలైంది. పురుగుమందు పంపు వీపు మీంచి దించగానే రైతు చేతిలో సారా పాకెట్టు పెడతాడు. లోపలికి పోయిన విషాన్ని సారా విరిచేస్తుందని మా వైపు ఊళ్లన్నిటా నమ్మకం. కూలి తగ్గించినా ఊరుకుంటారు గాని పాకెట్టు ఇవ్వకపోతే పంపు ఎత్తరు. అలా పన్నెండేళ్లు. చివరికి పైరు మీద పురుగున్నా లేకపోయినా పాకెట్టు కావలసి వచ్చింది. పొద్దున్నే ఒకటి పడితే తప్ప చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోయేవాడు, చేతులు అంత వణికేవి. గుడిలో ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం తీసుకోకుండా మూడేళ్ల నుంచి వెనక వరుసలో తలవంచుకుని కూర్చునేవాడు. స్త్రీల సమాజానికి కార్యదర్శినై ఉండి నేను ముందు వరుసలో కూర్చునేదాన్ని. నాకెలా ఉండేదో నువ్వు ఊహించుకోగలవు.

ఈస్టరుకు ముందరి ఈ శ్రమల దినాల్లో మానేస్తానని తనే ఒప్పుకున్నాడు. అంతే, నేను పట్టుకున్నాను. గుడి పక్కన చాపలూ హార్మోనియం పెట్టే గది నీకు గుర్తుండే ఉంటుంది. గుర్తు లేకుండా ఎలా ఉంటుంది. సంఘపెద్ద అంకయ్య గారు ఈసారి గది వద్దులే అమ్మా, మీ నాన్న సంగతి చూశాం కదా అన్నారు. నేను వినలేదు. మట్టలాదివారం ఆరాధన అవగానే మూడు రోజుల ఉపవాస ప్రార్థనలో పెడదాం, నీళ్లు తప్ప ఏమీ వద్దు, బుధవారం బయటికొచ్చి శుక్రవారం బల్ల తీసుకుంటాడు అన్నాను. ఈసారి గదిలోకి సారా అందించే తమ్ముడు ఎవడూ లేడు గనక తప్పకుండా ఫలిస్తుంది అని కూడా అన్నాను. ఆ మాట నేనే అన్నాను తోమా. కొట్టేయకుండా రాస్తున్నాను.

తాళం నేనే వేశాను. ఆదివారమంతా ఒళ్లంతా చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. సోమవారం సాయంత్రానికి చాప మీద నుంచి ఏవో దులపడం మొదలుపెట్టాడు. పచ్చపురుగు పడిందే, చేను మొత్తం తినేస్తోంది, పంపు అందుకోవే అని కిటికీలోంచి నన్ను చూసి అరిచాడు. అక్కడ చాప తప్ప ఏమీ లేదు. నాకు భయం వేసింది గాని చెప్పుకోలేదు. బయట కూర్చున్న పెద్దలు, వాడిలో ఉన్నది కదులుతోంది, ఇంకా గట్టిగా పాడండి అన్నారు. పాడాం. అందరికంటే గట్టిగా నేనే పాడాను.

మంగళవారం పొద్దున అతను విరుచుకు పడిపోయాడు. పళ్లు బిగిసిపోయాయి, నోట నురగ వచ్చింది, కాళ్లు నేలకు కొట్టుకున్నాయి. కిటికీలోంచి చూసిన అంకయ్య గారు చేతులెత్తి స్తోత్రం అన్నారు. దయ్యం వదిలేటప్పుడు మనిషిని నేలకేసి కొట్టే వెళుతుందని మనకు చిన్నప్పటి నుంచి నేర్పారు కదా. అందరూ చప్పట్లు కొట్టి పాడుతున్నారు. గెలిచాం అని ఒకావిడ నన్ను కావలించుకుంది. ఆ పాట మధ్యలో నాకు మడమల చప్పుడు వినిపించింది. గచ్చు మీద మడమలు దబదబా కొట్టుకునే చప్పుడు. అది నేనంతకు ముందు ఒకసారి విన్నాను. అదే గదిలో విన్నాను.

తాళం తీశాను. తీయొద్దమ్మా, ఇంకొక్క రోజే అన్నారు అంకయ్య గారు. మీరు తప్పుకోండి అన్నాను. జీవితంలో మొదటిసారి ఆయనకు ఎదురు చెప్పాను. గుంటూరు మిర్చి యార్డుకు మిరపకాయ టిక్కీలు వేసుకుని పోతున్న లారీని చెయ్యెత్తి ఆపాను. బస్తాల మీద అతన్ని పడుకోబెట్టి, దారి పొడుగునా తుమ్ముతూ, దగ్గుతూ, కళ్లు మండిపోతూ గుంటూరు చేరాం. దారిలో ఇంకోసారి కొట్టుకున్నాడు. నాలుక కొరుక్కున్నాడు. నా కొంగంతా రక్తం.

ఇక్కడ డాక్టరమ్మ పేరు రహిమున్నీసా. నాకంటే చిన్నది, గొంతు మాత్రం నాలుగు తరగతులకు వినిపించేంత ఉంది. ఎంతకాలంగా తాగుతున్నాడు, రోజుకెంత, చివరిసారి ఎప్పుడు తాగాడు అని అడిగింది. నేను తలెత్తుకుని, మూడు రోజులుగా చుక్క ముట్టలేదు డాక్టరమ్మా, మేమే మాన్పించాం అన్నాను. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆవిడ కలం కింద పెట్టేసింది. నర్సును కేకేసి సూది వేయించి, సెలైన్ పెట్టించి, అప్పుడు నా వైపు తిరిగింది. మీరు ఇతన్ని దాదాపు చంపేశారు తెలుసా అంది.

నర్సు మౌలాబీ నన్ను స్టూలు మీద కూర్చోబెట్టింది.

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఏళ్ల తరబడి రోజూ తాగిన ఒళ్లు సారా మీదే నిలబడి ఉంటుందట. ఒక్కసారిగా లాగేస్తే నరాలు తెగిన తీగల్లా ఎగిరిపడతాయట. చేతులు వణకడం, లేనివి కనిపించడం, రెండో రోజో మూడో రోజో ఫిట్స్ రావడం, జ్వరం, గుండె దడ, అన్నీ దాని వల్లేనట. దయ్యమూ కాదు, విశ్వాసం చాలకపోవడమూ కాదు. కొందరు ఆ మూడు రోజుల్లోనే పోతారట. మాన్పించాలంటే ముందు ఆసుపత్రికి తీసుకురావాలి, ఇక్కడ మాత్రలతో ఒళ్లును ఒక్కో మెట్టు దించుతూ వారం పదిరోజులు కాపలా కాస్తాం అంది. మానేయాలన్న మీ ఆలోచన తప్పు కాదమ్మా, తాళం తప్పు అంది.

అలాగే చేస్తున్నారు. మొదటి రోజు గంట గంటకూ నాడి చూశారు. ఏవో విటమిను సూదులు ఇచ్చారు. మాత్రలు రోజుకింత తగ్గిస్తున్నారు. గురువారం నన్ను గుర్తుపట్టాడు. ఈ పొద్దున గోంగూర పచ్చడి కావాలన్నాడు. వణక్కుండా గ్లాసు పట్టుకుని నీళ్లు తాగాడు. నేను వరండాలోకొచ్చి ఏడ్చాను. అయితే డాక్టరమ్మ నన్ను సంతోషపడనివ్వలేదు. ఇది ఒంట్లోది కడగడమే, మొదటి మెట్టు, తాగాలన్న కోరిక ఇంకా అక్కడే ఉంది, నెలనెలా తీసుకురావాలి, పురుగుమందు పనికి పంపొద్దు, మాట్లాడే మనిషి తోడుండాలి అంది. మీ బావకు స్నేహితులెవరున్నారు చెప్పు, సారా కొట్టు దగ్గరివాళ్లు తప్ప.

ఇక నీ సంగతి. ఇందుకే ఉత్తరం మొదలుపెట్టాను, ఇన్ని కాగితాలు పట్టింది ఇక్కడికి రావడానికి.

నిన్న డాక్టరమ్మను నాన్న గురించి అడిగాను. 1971లో ఇదే వారంలో, అదే గదిలో, అమ్మ నడుముకు తాళంచెవి కట్టుకుని కూర్చోవడం, రెండో రోజు నాన్న గోడ మీద లేని ఎద్దును అదిలించడం, మూడో రోజు మడమలు కొట్టుకోవడం, ఆపైన కదలకుండా పడుకుంటే శాంతి దిగిందని మనం కీర్తన ఎత్తుకోవడం, అన్నీ చెప్పాను. నాన్న పోయాక కిటికీ కింద ఖాళీ సీసా దొరికిందనీ, పదిహేడేళ్ల నా తమ్ముడు రెండో రోజు పొద్దుగూకే వేళ నాన్న ఏడుపు వినలేక దాన్ని సారాతో కిటికీలోంచి అందించానని ఒప్పుకున్నాడనీ చెప్పాను. ఉపవాసంలో ఉన్న మనిషికి సారా పోసి చంపావురా అని అమ్మ నిన్ను గడప దాటించిందని చెప్పాను. సంఘం వెలివేసిందని చెప్పాను. ఆ సారా వల్లే పోయాడా అని అడిగాను.

కాదు అంది. సారా వైద్యం కాదు, ఇంట్లో అలా చేయమని నేను ఎవరికీ చెప్పను, కానీ మీ నాన్నను చంపింది సారా కాదు, అది ఒక్కసారిగా ఆగిపోవడం అంది. ఆ పిల్లవాడు చంపలేదమ్మా, ఆ గదిలో ఆయన ఏం అడుగుతున్నాడో విన్నవాడు అతనొక్కడే అంది. ఇంకేదో కూడా అడిగింది. మీ బావకు మంచినీళ్లు తేవాలని లేచి వచ్చేశాను.

నువ్వు నాన్నను చంపలేదు తోమా. పదహారేళ్లు నువ్వు మోసింది నీది కాదు. పీరు చెప్పాడు, నువ్వు పండుగ రోజు కూడా గుడి బయటే నిలబడతావని. రేపు పునరుత్థాన పండుగ. ఈ ఉత్తరం నీకు పండుగ దాటాక అందుతుంది. అందిన మరుసటి ఆదివారం లోపలికి వెళ్లి కూర్చో. అంకయ్య గారికి అంతా నేను చెబుతాను, అందరి ముందూ చెబుతాను. ఆ గదికి ఇక తాళం ఉండదు, గొళ్లెం ఊడదీయిస్తాను.

వీలైతే ఒకసారి ఆసుపత్రికి రా. మీ బావకు మాట్లాడే మనిషి కావాలి. నిన్న నిద్రమత్తులో నీ పేరు ఎత్తాడు, తోమా ఎక్కడున్నాడే అని.

ప్రేమతో,
నీ అక్క,
సంతోషకుమారి.

తా.క. కవరుకు జిగురు రాసి మళ్లీ విప్పాను. డాక్టరమ్మ చివర్లో అడిగిన ప్రశ్న పైన రాయలేదు. ఆయన ఆ సీసా నిజంగా తాగాడా, తాగి ఉంటే మర్నాడే అంత గట్టిగా ఫిట్స్ రావు కదా అని అడిగింది. ఆ సాయంత్రం నాన్నకు నీళ్లు ఇవ్వడానికి అమ్మ నన్నొక్కదాన్నే లోపలికి పంపింది. సీసా ఆయన చేతిలో ఉంది, మూత తీయలేక వణుకుతున్నాడు. నేను లాక్కున్నాను. నా పాదం పట్టుకుని తోమా ఇచ్చాడే, తోమా ఇచ్చాడే అని ఏడ్చాడు. మొత్తం కిటికీలోంచి బయటికి ఒంపేసి, సీసా అక్కడే పడేశాను. మర్నాడు అది దొరికినప్పుడు అందరూ నీ వైపు తిరిగారు, నేను నోరు విప్పలేదు. అమ్మ పోయే దాకా విప్పలేదు. నాన్న ఒక్క చుక్క కూడా తాగలేదు తోమా.