తొమ్మిది వందల పది కిలోమీటర్లు

బంగారు అక్కకి,

ఫోన్లో అయితే నీ గొంతు వినగానే మాట మార్చేస్తాను. అందుకే ఉత్తరం. కూర్చుని చదువు.

పోయిన మంగళవారం బావ నడిపే విమానం మధ్యలో ఒక చిన్న ఎయిర్‌పోర్టులో దిగింది కదా. ఎదురుగాలి వల్లనని నీకూ చెప్పే ఉంటాడు. ఆ రోజు గాలే లేదక్కా. తప్పు నాది.

నా పని నీకు తెలుసు. విమానం ఏ దారిన ఎంత దూరం వెళ్లాలో, ఎంతసేపు పడుతుందో, ఎంత ఇంధనం కావాలో లెక్కగట్టి కెప్టెన్‌కి ఇవ్వడం. ఆ రెండు ఎయిర్‌పోర్టుల మధ్య తిన్నగా వెళితే తొమ్మిది వందల పది కిలోమీటర్లు, గంటా ముప్పై అయిదు నిమిషాలు. ఆ రోజు తిన్నని దారి మూసేశారు. చుట్టూ తిరిగి వెళితే పన్నెండు వందల యాభై. నేను దారి మార్చాను, దూరం మార్చడం మరిచాను.

విమానం ఎగిరిన నలభై నిమిషాలకు ఆ లెక్కల కాగితం మళ్లీ కంటబడింది. దిగాల్సిన చోట వాన పడుతోంది. దిగే వంతు కోసం గాల్లో తిరగాల్సి వస్తే ఇంధనం చాలదు. లోపల నూట పద్దెనిమిది మంది, బావ. రేడియో అందుకున్నాను. నిజం నోటిదాకా వచ్చింది. పక్క కుర్చీలో మా ఆఫీసర్ ఉన్నాడు.

"ఎదురుగాలి బాగా పెరిగింది కెప్టెన్. దగ్గర్లో దిగి ఇంధనం నింపుకోండి" అన్నాను.

కాసేపటికి బావ గొంతు. "సరే, దిగుతున్నాం."

అందరూ క్షేమంగా దిగారు. బావ రిపోర్టులో ఎదురుగాలి అనే రాశాడు. నా అబద్ధం కింద ఇప్పుడు బావ సంతకం ఉంది. అప్పట్నుంచీ ఒక్కో అంకె నాలుగుసార్లు చూస్తున్నాను, అయినా నమ్మకం కుదరడం లేదు. సోమవారం పదింటికి ఆఫీసర్‌కి అంతా చెప్పేస్తాను. బావనీ పిలిచి నిలదీస్తారు. నీ ఇంటిమీదికి ఇంత గొడవ తెస్తున్నందుకు తిట్టు, కానీ వద్దనకు.

నీ చెల్లి

* * *

పిచ్చి పిల్లా,

నీ ఉత్తరం మీ బావ ముందు పెట్టాను. విప్పకుండానే, "గాలి సంగతేనా?" అన్నాడు.

తనకి తెలుసే. గాలి ఉందో లేదో నడిపేవాడికి తెలియదా? నువ్వు రేడియోలో చెప్పగానే కాగితం చూసుకుని అంతా అర్థం చేసుకున్నాడట. "బయల్దేరే ముందే చూడాల్సింది నేను. చూడకుండా సంతకం పెట్టాను. నిజం రాస్తే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయని భయపడ్డాను" అన్నాడు. ఎందుకు చూడలేదో నాకు తెలుసు. అప్పుడు ఫోన్లో నాతో పోట్లాడుతున్నాడు. అదీ కర్టెన్ల రంగు గురించి.

నిన్ను ఏ మొహం పెట్టుకుని తిట్టను?

నిన్నంతా కూర్చుని రిపోర్టు మళ్లీ రాశాడు. ఇవాళ యూనిఫాం ఇస్త్రీ చేసి ఇస్తే పక్కన పెట్టి, మామూలు చొక్కా వేసుకున్నాడు. ఈ ఉత్తరం తన చేతికే ఇస్తున్నాను. ఆఫీసర్ గది బయట నీకు ఇస్తాడు. చదవడం అయ్యాక ఇద్దరూ కలిసి లోపలికి వెళ్లండి.

మీ అక్క