కాలరున్న కడ్డీ

బావకు,

భుజం వెనక్కి తిరగడం లేదని, ఇక మెడ వెనక బరువుల కడ్డీ మోస్తూ గుంజీలు తీయలేనని, బరువు బిళ్లలన్నీ నువ్వే పట్టుకుపొమ్మని పోయిన ఉత్తరంలో రాశాను. గుంజీలు మానేశాక కుర్చీలోంచి లేవడానికి కోడలి చెయ్యి కావలసి వస్తోందని మాత్రం రాయలేదు.

ఆ కోడలే నన్ను వ్యాయామ సామాన్ల దుకాణానికి తీసుకెళ్లింది. వంపు కడ్డీ చూశాం. దానికీ చెయ్యి వెనక్కే పోవాలి. చివరికి మెడ దగ్గర మెత్త, రెండు పిడులు ఉన్న కడ్డీ దొరికింది. నలభై ఏళ్లు కోట్లు కుట్టినవాణ్ణి కదా, అలవాటుకొద్దీ వెనకనుంచి చేతులు దూర్చబోయాను.

"మామయ్యా, తొడుక్కోకండి. పిడులు ముందుకి రావాలి," అంది.

తిప్పి పెట్టుకుంటే భుజం కిమ్మనలేదు. కొలతలు తీయకుండా ఇంత బాగా కుదిరిన కాలరు నేనెన్నడూ కుట్టలేదు.

దాంతో మళ్లీ గుంజీలు మొదలుపెట్టి నెల తిరిగింది. ఈ కాగితం కోసం కుర్చీలోంచి నేనే లేచాను. బిళ్లలకి బండి మాట్లాడి ఉంటే, వద్దని చెప్పు.

నీ బావమరిది