సాక్ష్యానికి ఇద్దరూ రావాలి

1971 ఆగస్టు 22, ఆదివారం

నన్ను పిలిచారు! వేపేరిలో క్రైస్తవ రచయితల కాన్ఫరెన్స్, అక్టోబర్ రెండున. తెలుగువాళ్లలో నలుగురినే పిలిచారట. మిషన్ స్కూల్లో మూడో క్లాసు పిల్లల ముక్కులు తుడిచే నేను ఆ నలుగురిలో ఒకదాన్ని. ఆరాధన అయ్యాక పాస్టరయ్యగారు అందరి ముందూ చెప్పారు. నాకు చెవులు వేడెక్కిపోయాయి.

మా సంఘం పత్రిక క్రిస్మస్ సంచికలో వచ్చిన నా వ్యాసమే దీనికంతా కారణం. ‘మా ఇంటికి తిరిగొచ్చిన మనిషి.’ మా ఆయన తాగుడు మానిన సంగతి. పేరుతో సహా రాశాను, దామోదరం, హార్బర్‌లో ఓడ సరుకు లెక్క రాసే టాలీ క్లర్కు అని. దొంగసారా కోసం ఎక్కడెక్కడి సందుల్లోకో పోయే మనిషి ఓ ఈస్టర్ నాడు ఇంట్లోనే కూర్చుండిపోయాడు. మళ్లీ పోలేదు. ప్రార్థన వల్ల అని రాశాను. ప్రార్థన వల్లే.

అక్కడ చదివితే సరిపోదట. అది సాక్ష్యం కాబట్టి, ఎవరి గురించి రాశామో ఆ మనిషి పక్కనే నిలబడి చివర్లో ‘ఇది నిజం, ఆమెన్’ అనాలి. మా సంఘంలోనూ అదే పద్ధతి. ఆయనకి చెప్తే, ఆడ అంతమంది ముందర నేనా, కాళ్లు వణుకుతాయే నాకు, అని నవ్వాడు. వస్తానన్నాడు.

ఆగస్టు 28, శనివారం

పురసవాక్కం వెళ్లి చీర కొన్నాం. ఆయనే ఎంచాడు, లేత నీలం. తెల్లది తీసుకుంటానంటే, ఒద్దొద్దు, బైబిలమ్మే ఆమె అనుకుంటారు అన్నాడు. ఆయన పెళ్లికోటు టైలర్‌కి ఇచ్చాం, కుట్లు విప్పి వదులు చేయమని. మానేశాక కాస్త ఒళ్లొచ్చింది. టైలర్ ఆయన పొట్ట చుట్టూ టేపు తిప్పుతుంటే నాకెంత గర్వంగా ఉందో! ఆ షాపులో అందరికీ చెప్పాలనిపించింది.

సెప్టెంబర్ 1, బుధవారం

సారా మీద నిషేధం ఎత్తేశారు. మా వీధి చివరే కొట్టు తెరిచారు. హార్బర్ గేటు నుంచి ఇంటికి రావాలంటే దాని ముందు నుంచే రావాలి.

సెప్టెంబర్ 2

మామూలు టైముకే వచ్చాడు. స్నానానికి వెళ్లగానే చొక్కా వాసన చూశాను. చెమట, జనపనార. సిగ్గేసింది నా మీద నాకే.

సెప్టెంబర్ 11, శనివారం

వ్యాసం పది నిమిషాలకి కుదించాలి. టైంపీస్ ఎదురుగా పెట్టుకుని పైకి చదువుతుంటే కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు గోవిందమ్మగారు వచ్చింది. ఏం టీచరమ్మా, మీ ఆయన ఆ సారా కొట్టుకాడ నిలబడుండాడే, దారి తప్పినాడా ఏం, అని అడిగింది. వేరే ఎవరినో చూసి ఉంటారు అన్నాను. నాకు నమస్తే పెట్టినాడమ్మా, పావం, అంది.

సాయంత్రం తమలపాకు నములుతూ వచ్చాడు. తమలపాకు ఆయనకి ఎప్పుడూ గిట్టదు.

సెప్టెంబర్ 13, సోమవారం

అడిగాను. ఒక్క గ్లాసే అన్నాడు. ముందర మాదిరి దొంగతనంగా కాదే, గవర్నమెంటే లైసెన్సిచ్చిండాది, నీకేంటికి భయం అన్నాడు. ఆ మాట అంటూ గోడ మీద క్యాలెండర్ వైపు చూశాడు గానీ నా వైపు చూడలేదు.

ప్రార్థన వల్ల మానాడా? పోలీసులకి భయపడి మానాడా? అంత ధీమాగా ఎలా రాశాను నేను? దేవుడా, నా పరువు సంగతి సరే, ఇప్పుడు నీ పరువు కూడా ఇందులో ఇరుక్కుంది.

సెప్టెంబర్ 14, మంగళవారం

స్కూలుకి సెలవు పెట్టి కాన్ఫరెన్స్ సెక్రటరీ ఆనందన్ సార్ దగ్గరికి వెళ్లాను. సాక్ష్యం బదులు పిల్లల కథ చదువుతానని బతిమాలాను. ఆయన మాట సగం తమిళం, సగం ఇంగ్లీషు. ప్రోగ్రాం అచ్చయిపోయింది సిస్టర్, అని కాగితం చూపించాడు. మా ఇద్దరి పేర్లూ పక్కపక్కనే. జనం ఓదార్పు కోసం వస్తారు, మీ సాక్ష్యం వింటే ఎన్ని ఇళ్లు బాగుపడతాయో తెలుసా అన్నాడు. అసలు సంగతి చెప్పాలని నోరు తెరిచాను. చేతిలో పెపర్మింటు పెట్టాడు. దాన్ని చప్పరిస్తూ బస్సెక్కాను.

సెప్టెంబర్ 16, గురువారం

ఇవాళ స్త్రీల సమాజం. ప్రార్థన విన్నపాలు అడిగినప్పుడు నేను కూడా లేచాను. ఒక సహోదరుడు పాత అలవాటులో పడ్డాడు, ఆయన కోసం ప్రార్థించండి అన్నాను. పేరు చెప్పలేదు. విన్నపాల్లో ఎవరూ పేరు చెప్పరు.

ఒకరి తర్వాత ఒకరు గొంతెత్తి ప్రార్థించారు. మొదటావిడ ఊరికే ఆ సహోదరుడు అంది. రెండో ఆవిడ, ప్రభువా, హార్బర్‌లో చెమటోడ్చే ఆ సహోదరుణ్ణి అంది. మూడో ఆవిడ, అక్టోబర్ రెండో తారీకు లోపల ఆయన్ని నిలబెట్టు తండ్రీ అంది. నేను కళ్లు తెరవలేదు. తెరిస్తే అందరూ నన్నే చూస్తూ ఉంటారు.

సెప్టెంబర్ 17

ఆయనకి తెలిసిపోయింది. డ్యూటీలో ఉండగా మా సంఘంవాడే ఒకడు భుజం తట్టి, ధైర్యంగా ఉండన్నా, మావాళ్లంతా నీ కోసరం ప్రేయర్ చేస్తా ఉండారు, అన్నాడట.

కేకలేస్తాడనుకున్నాను. వేయలేదు. పీట మీద కూర్చుని నెమ్మదిగా అన్నాడు. నేను మానినప్పుడు పేరేసి పత్రికలో రాసినావు. ఇప్పుడు పేరెయ్యకుండా గుడిలో చెప్పినావు. రెండు తడవలూ నన్నొక మాట అడిగినావా?

అడగలేదు. నిజంగానే అడగలేదు. అన్నం పెట్టాను, తినలేదు. నేనూ తినలేదు.

సెప్టెంబర్ 24

టైలర్ కోటు వదులు చేసి ఇచ్చాడు. మేకుకి తగిలించాను. ఆయన వేసుకుని చూడలేదు.

సెప్టెంబర్ 27, సోమవారం

రోజూ తాగుతున్నాడు. గొడవ లేదు, కొట్టడం లేదు. వచ్చి గోడ వైపు తిరిగి పడుకుంటాడు. వ్యాసం చదవబోతే ‘ఆ రోజు నుంచి మా ఇంట్లో’ అన్న చోట ఆపేసి కాగితం మడిచేస్తున్నాను. రానని రాసేద్దామని కార్డు తీశాను. ఏమని రాయను? జ్వరమనా? సాక్ష్యం తప్పించుకోవడానికి అబద్ధం!

మెట్ల మీద ఏడుస్తుంటే గోవిందమ్మగారు చూసింది. మా ఆయనా తాగి తాగి పోయినాడమ్మా, నేనేం పుస్తకాల్లో రాయలేదుగా, అని దెప్పింది. తర్వాత నా పక్కనే కూర్చుని, రెండో తేదీ గాంధీ జయంతి గదా, ఆ పొద్దు కొట్టు తెరవరంట, ఏడవబాక అంది.

ఎంత నీచానికి దిగానో. ఆయన మారాలని కాదు, ఆ ఒక్కరోజు కొట్టు మూసి ఉంటే చాలని ప్రార్థించాను.

అక్టోబర్ 1, శుక్రవారం

పొద్దున పనికి వెళ్తూ ఆయనే అన్నాడు, రేపు నువ్వు ఒంటిగా నిలబడితే చూసేవాళ్లు ఏమనుకుంటారు, నేనూ వస్తాలే. కోటు ఇస్త్రీ చేశాను. రెండుసార్లు చేశాను. చీర కూడా. పాట పాడుకుంటూ చేశాను, చాలా రోజులైంది పాడి.

అక్టోబర్ 2, శనివారం, ఉదయం

గడ్డం గీసుకున్నాడు. కోటు సరిగ్గా సరిపోయింది. ఎంత బాగున్నాడో! బొత్తాం పెట్టడానికి దగ్గరికి వెళ్లాను. వాసన.

కొట్టు మూస్తారని తెలిసి నిన్ననే తెచ్చి పెట్టుకున్నాడు. బియ్యం డబ్బా వెనక దాచాడు. అరవలేదు నేను. చిన్నపిల్లాడిలా నా మొహంలోకి చూస్తూ, అంతమంది ముందర నిలబడాలంటే భయమేసిందే, నీ కోసరమే రెండు గుక్కలు తాగినా, లేకుంటే రాలేను అన్నాడు.

రెండు గుక్కలు కాదు. కింద రిక్షావాడు పిలుస్తున్నాడు. నేనింకా కుచ్చిళ్లయినా పెట్టుకోలేదు.

అక్టోబర్ 2, సాయంత్రం

చదివాను. ఆయన ‘ఆమెన్’ అన్నాడు. ‘ఇది నిజం’ అనలేదు. ఎవరూ గమనించలేదు.

తూలకుండా ఆయన చేయి చివరిదాకా గట్టిగా పట్టుకునే ఉన్నాను. ఆ చేయి పట్టుకోవడం చూసి ముందు వరసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది.

వచ్చే ఏడు కూడా ఇద్దరూ రావాలన్నారు.