ఈత వనాల మీదుగా ఎల్లారెడ్డికి

02-12-2012, ఆదివారం

మొదటి నడక పూర్తి. కామారెడ్డి నుంచి తాడ్వాయి.

ముప్పై ఏళ్ళు ఈ రోడ్డు మీద బస్సులో నిలబడే తిరిగాను, టికెట్ టికెట్ అంటూ. కిటికీలోంచి కనబడి వెనక్కి పోయిన ఈత వనాలు ఎన్నని... రిటైరయ్యాక ఒక్కోదాన్నీ దిగి చూడాలని అప్పుడే అనుకున్నాను. ఆదివారానికి కొంత దూరం చొప్పున ఎల్లారెడ్డి దాకా నడక. దారిలో తగిలిన ప్రతి వనంలో ఒక దొప్పెడు కల్లు. ఒక్కటే. తాగడానికి కాదు, రుచి చూడటానికి.

"రుచి సూసెటోడు తూలుకుంట ఎందుకొస్తడు?" అని మా ఆవిడ. తూలలేదు. కాళ్ళు పట్టేసి అలా నడిచాను. నమ్మదు.

తోడు మా వియ్యంకుడు రాజయ్య బావ. ఆదివారం ఆయన టైలరింగ్ షాపు బంద్. మోకాళ్ళ నొప్పులున్నా నాకన్నా ముందు నడుస్తాడు, తిట్టుకుంటూ.

మొదటి వనం — పులుపు ముందొచ్చింది, వగరు వెనకొచ్చింది. నురుగులో ఏదో పాత వాసన, కల్లు పట్టే కుండది. లొట్టి కడగలేదు నువ్వు అన్నాను. గీసేవాడు తెల్లబోయాడు. "నిన్న కడుగలే సాబ్. నీకెట్ల ఎరుకైంది?"

ఎట్ల ఎరుకైందంటే ఏం చెప్పను. నాలుక అలాంటిది. మా అమ్మ కూరలో ఉప్పు చూడమని నన్నే పిలిచేది.

రెండో వనం — మెత్తటి తీపి, కొత్తగా గీత పెట్టిన చెట్లు. మూడోది — చెప్పుకోదగ్గది కాదు. నంజుకోవడానికి పెట్టిన శనగ గుడాలు మాత్రం బాగా ఉడికించారు.

04-12-2012

పిక్కలు రాయిలా ఉన్నాయి. నూనె రాయించుకున్నాను. ఆవిడ రాసింది గానీ మాటలు కూడా అంతే గట్టిగా రాసింది.

09-12-2012, ఆదివారం

నడక లేదు. రాజయ్య బావ చుట్టాల పెళ్ళి. అక్కడ కూడా ఓ మూల కల్లు పెట్టారు. దొప్ప నోట్లో పెట్టగానే చెప్పాను — రెండు చెట్లది కలిపారు, ఒకటి ముదురు, ఒకటి లేత. పోసినవాణ్ణి పిలిచి అడిగారు. నిజమే. పెళ్ళికొడుకు తండ్రి నాకు దండం పెట్టాడు.

బాగుంది ఈ జీవితం.

16-12-2012, ఆదివారం

పొద్దున్నే బస్సులో తాడ్వాయి దిగి అక్కడి నుంచి నడక. చలి. బస్టాండు దగ్గర ఓ ముసలమ్మ గంపలో ఉసిరికాయలు, పక్కన ఉప్పు పొట్లం. రాజయ్య బావకు పళ్ళు జివ్వుమంటాయని ముట్టలేదు. నేను జేబు నిండా వేసుకున్నాను. నములుతూ నడక. ఎంత దూరం నడిచామో తెలియలేదు.

తుమ్మలకుంట వనం. మంచి వనం, చెట్లన్నీ ఒకే ఎత్తు. గీసేది నర్సాగౌడ్. నలభై దాటి ఉంటాడు, మాట తక్కువ మనిషి. నా బస్సులో ఎన్నోసార్లు ఎక్కాడు, ఒక్కసారి కూడా చిల్లర గురించి గొడవ పడలేదు.

గీత సంఘం పెద్ద గంగాగౌడ్ కూడా అక్కడే ఉన్నాడు. ఈ మధ్య కొందరు కల్లులో సక్రీన్ కలుపుతున్నారని పుకారు — చిటికెడు తెల్లపొడి వేస్తే లొట్టెడు తియ్యగా అయిపోతుంది. అందుకని ఆయన వనం వనం తిరుగుతున్నాడు. నన్ను చూడగానే ముఖం వెలిగింది.

"కండక్టర్ సాబ్ అచ్చిండు. ఇగ మనకు డాక్టర్ల పనిలేదు. సూసి చెప్పు సాబ్."

చుట్టూ పదిమంది చేరారు. నర్సాగౌడ్ దొప్ప కుట్టి పోశాడు. నోట్లో పోసుకున్నాను. తీపి. ఆ తీపి చెట్టుది కాదు. నాలుక వెనక దాకా పాకి అక్కడే కూర్చుంది. నీళ్ళ చెరువులో బెల్లం లారీ పడ్డట్టు.

"సక్రీన్ పడ్డది" అన్నాను.

రాజయ్య బావ తన దొప్ప ఎత్తి చూశాడు. "నాకైతే మంచిగనే ఉన్నది బావా" అన్నాడు. నువ్వు గుండీలు కుట్టుకో అన్నాను. అందరూ నవ్వారు.

నర్సాగౌడ్ నవ్వలేదు. "ఎల్లమ్మ తల్లి మీద ఒట్టు. నేను కలుపలే" అన్నాడు, ఒక్కసారి. మళ్ళీ అనలేదు. అబద్ధమాడేవాళ్ళు అంతే, ఒట్టేస్తారు.

19-12-2012

గంగాగౌడ్ ఫోను. సంఘం కూర్చుని నర్సాగౌడ్ చెట్లు తీసేసిందట. వేరేవాడికి ఇచ్చేశారు. "నీ ఒక్క మాట చాలు సాబ్. పరీక్షలకు పంపుడు గిట్ల ఏం పెట్టుకోలే."

ఒక్క మాట చాలు! ఆవిడకు రెండుసార్లు చెప్పాను.

23-12-2012, ఆదివారం

తుమ్మలకుంట నుంచి లింగంపేట. ఎండ బాగుంది. రెండు వనాలు, రెండూ మంచివే. ఒకచోట కల్లు ఎంత చల్లగా ఉందంటే దొప్ప చేతిలో పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాను.

ఎక్కడ ఆగినా నర్సాగౌడ్ కథ చెప్పమంటారు. చెబుతున్నాను. మొన్న బస్సులో వెనక్కి పోయి మొదటి వనంలో, తాడ్వాయిలో కూడా చెప్పొచ్చాను. లింగంపేట హోటల్లో చాయ్ చల్లారింది గానీ కథ ఆగలేదు. వచ్చేటప్పుడు బస్సులో కూడా చెప్పాను, డ్రైవరు నాకు తెలిసినవాడే. కొద్దిగా ఉప్పు కారం కూడా చేర్చాను — ఆ లొట్టి మీద ఈగలు కూడా వాలలేదని. వాలాయో లేదో నేను చూడలేదు. కథకు బాగుంటుంది.

రాజయ్య బావ బస్సులో కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు.

06-01-2013, ఆదివారం

లింగంపేట దాటి రెండు మైళ్ళు. ఒక చేను గట్టు మీద ఉసిరి చెట్టు, కింద రాలిన కాయలు. ఏరుకుని తిన్నాను. దాహమైంది. బోరింగు కొట్టాడు రాజయ్య బావ, దోసిలి పట్టి తాగాను.

"అబ్బ, బోరింగు నీళ్ళు షర్బత్‌లాగున్నాయి బావా" అన్నాను.

"ఉసిరికాయ తింటివి గద. తియ్యగనే ఉంటయి. చిన్నపోరలకు గూడ ఎరుకే."

దోసిలి అలాగే ఉంది. నీళ్ళు కారిపోయాయి.

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. ఆయనకు కూడా అప్పుడే తట్టింది. తుమ్మలకుంట వనం. నా జేబు.

"లేదు" అన్నాను. ఆయనేమీ అనలేదు కూడా.

అక్కడి నుంచే వెనక్కి బస్సెక్కాం. ఇంటికొచ్చి ఈ డైరీ తీసి డిసెంబరు పదహారు చదివాను. నా చేతిరాతే. 'జేబు నిండా.' 'నములుతూ నడక.' ఎంత బాగా రాసుకున్నాను!

07-01-2013

పరీక్ష. వనం నుంచి తెచ్చిన కల్లు, నా కళ్ళెదుటే చెట్టు నుంచి దింపింది. ముందు వట్టిగా తాగాను. పులుపు, వగరు, వెనక సన్నటి తీపి. నోరు కడుక్కుని రెండు ఉసిరికాయలు నమిలి మళ్ళీ తాగాను.

అదే తీపి. నాలుక వెనక దాకా పాకి కూర్చునే తీపి.

ఆవిడ చేత కూడా చేయించాను. దొప్ప పక్కన పెట్టి, "ఇంతేనా? ఇంతదానికి ఒకని చెట్లు తీపిచ్చినవా?" అంది.

సిగ్గుగా ఉంది. రాస్తున్నా తగ్గడం లేదు.

08-01-2013

అయినా ఆ రోజు నిజంగానే కలిపి ఉండొచ్చు కదా. ఉసిరికాయా తిన్నాను, వాడూ కలిపాడు. రెండూ జరగొచ్చు.

09-01-2013

రాజయ్య బావ దొప్ప. "నాకైతే మంచిగనే ఉన్నది." ఉసిరికాయ ముట్టని నోరు.

కలపలేదు.

11-01-2013

వెళ్ళాలి. వెళ్ళలేదు. సైకిలు గాలి లేదని ఒక సాకు. తుమ్మలకుంటకు సైకిలు మీద ఎవడు పోతాడు?

20-01-2013, ఆదివారం

వెళ్ళాను. రాజయ్య బావ వస్తానన్నాడు, వద్దన్నాను.

నర్సాగౌడ్ ఇంట్లో లేడు. ఆయన భార్య లచ్చవ్వ వాకిట్లో బీడీలు చుడుతోంది. చెట్టెక్కే మోకు దండెం మీద వేలాడుతోంది, ఎండి కర్రలా. విషయం చెప్పాను, ఉసిరికాయల సంగతంతా. చేతులాపకుండానే విన్నది.

"ఎల్లారెడ్డిల మూటలు మోస్తుండు. ఊర్లె ఉండలేక పోయిండు. కల్లు పొయ్యి నర్సన్నా అని ఎక్కిరిచ్చుడు, ఈగలు వాలుతున్నయా అని నవ్వుడు. గీ ఈగల ముచ్చట ఎవలు పుట్టిచ్చిన్రో."

నేనే అన్నాను. అప్పుడు చేతులాగాయి. తలెత్తి నన్ను చూసింది. లేచి మంచినీళ్ళు ఇచ్చింది. తాగలేకపోయాను.

25-01-2013, శుక్రవారం

సంఘం కూర్చుంది. సంచిలో ఉసిరికాయలు పట్టుకుని పోయాను.

జరిగింది చెప్పాను. గంగాగౌడ్ గడ్డం గోక్కున్నాడు. "అప్పుడు నీ నాలిక తప్పయితే, గిప్పుడు ఒప్పని ఎట్ల నమ్మాలె సాబ్?"

నా నాలుకను నమ్మొద్దు, మీ నాలుకలనే నమ్మండి అన్నాను. సంచి మధ్యలో పోశాను. పన్నెండు మంది. ఒక్కొక్కరూ రెండేసి కాయలు తిని, తాము పొద్దున స్వయంగా దింపిన కల్లే తాగారు. ఎవరి కల్లు వారికే సక్రీన్‌లా తగిలింది. ఒకాయన ఉమ్మేశాడు కూడా, తన కల్లే!

గెలిచాను అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఛాతీ మళ్ళీ పొంగింది. ఏం మనిషిని నేను.

"నర్సాగౌడ్ తప్పు లేదు, ఒప్పుకుంటున్నం" అన్నాడు గంగాగౌడ్. "గని చెట్లు ఇంకొకనికి ఇచ్చినం. ఆయిన గీత వెట్టిండు. సీజన్ నడిమిట్ల గుంజుకునుడు న్యాయం కాదు. అచ్చే యేడు సూద్దాం."

చూద్దాం. ఆ మాటకు ఎంత బరువుంటుందో బస్సులో ముప్పై ఏళ్ళు నేనే జనానికి చెప్పాను, తరువాతి బస్సు చూద్దాం అని.

27-01-2013, ఆదివారం

ఎల్లారెడ్డి చేరాం. నడక పూర్తయింది. దారిలో నాలుగు వనాలు, ఒక్కచోట కూడా ఆగలేదు. రాజయ్య బావ కూడా అడగలేదు.

మార్కెట్‌లో నర్సాగౌడ్ కనబడ్డాడు. భుజం మీద గోనెపట్టా, మెడ నిండా మక్కజొన్నల దుమ్ము. మూట దించి వచ్చాడు. సంఘంలో జరిగింది చెప్పాను, తప్పు నాదని చెప్పాను. చేతులు పట్టుకున్నాను. పట్టుకోనిచ్చాడు.

"సంఘం ఒప్పుకున్నది, మంచిగైంది" అన్నాడు. "గని సాబ్, సంఘంల పన్నెండు మందే."

అర్థం కాలేదు.

"నువ్వు చెప్పింది సంఘంల ఒక్కతాననేనా? తాడ్వాయిల చెప్పినవ్. లింగంపేట హోటల్ల చెప్పినవ్. బస్సులల్ల చెప్పినవ్. రోడ్డు పొడుగునా చెప్పినవ్. అచ్చే యేడు చెట్లిస్తరే అనుకో, నా కల్లు తాగుతందుకు ఎవలొస్తరు? ఈగలు సుత వాలవాయె."

మీరేం చెయ్యమంటే అది చేస్తానన్నాను. నర్సాగౌడ్‌ను 'మీరు' అనడం అదే మొదటిసారి.

"యాడ యాడ చెప్పినవో ఆడాడ చెప్పు. నడుసుకుంటనే పో. ఎట్ల చెప్పినవో గట్లనే చెప్పు, పదిమందిల, నవ్వుకుంట చెప్పినవ్ గద. చెప్పినంక రా. అప్పుడు చెట్టెక్కుతనో లేదో సూస్త."

మూట ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

30-01-2013

ఎక్కడెక్కడ చెప్పానో జాబితా రాశాను. ఇరవై మూడు చోట్లు తేలాయి. బస్సుల్లో విన్నవాళ్ళను ఎక్కడ వెతకను?

ఒకటి మాత్రం నమ్మకం. మొదలుపెడితే ఆపను. కాళ్ళు బాగానే ఉన్నాయి.

01-02-2013

"నేను రావాల్నా?" అంది ఆవిడ. ఈ ఇంట్లో ఆ మాట విని ఎన్నేళ్ళయిందో. వద్దన్నాను. టిఫిన్ బాక్సు మాత్రం కడిగి పెట్టింది.

03-02-2013, ఆదివారం

మళ్ళీ కామారెడ్డి నుంచి. రాజయ్య బావ ఒక అడుగు వెనకే నడిచాడు ఈసారి.

మొదటి వనం. అదే గీసేవాడు, లొట్టి కడగని మనిషి. ఇప్పుడు కడిగాడట, నా కోసమే ఆగాడట. చుట్టూ జనం కూడా బాగానే ఉన్నారు, ఆదివారం కదా. నన్ను చూడగానే బీడీలు ఆర్పి దగ్గరికి జరిగారు. ఒకాయన తన తువ్వాలు పరిచి కూర్చోమన్నాడు.

దొప్ప నిండా పోసి ఇచ్చారు. పుచ్చుకుని కింద పెట్టాను.

"రుచి తర్వాత. ముందు తుమ్మలకుంట నర్సాగౌడ్ గురించి ఒక మాట చెప్పాలి" అన్నాను.

"ఆ కథనే చెప్పు సాబ్, ఈయన ఇంకా ఇనలే" అంటూ పక్కవాణ్ణి ముందుకు తోశారు. అందరూ అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు.