లెక్క తప్పిన ముట్టు

మంగళవారం, పడుకునే ముందు

నిన్న జగిత్యాలలో స్కానింగ్‌లో చూస్తూ, రొమ్ములోని గడ్డకు సూది గుచ్చి ముక్క తీశారు. రెండు రోజులు బరువు ఎత్తొద్దన్నారు. అత్తమ్మకు చెప్పే ధైర్యం లేక, ముట్టయ్యానని చెప్పి వంటింటికి దూరంగా కూర్చున్నాను. అన్నీ క్యాలెండర్‌లో రాసుకునే నేనే లెక్క తప్పాను.

సాయంత్రం అత్తమ్మ నీళ్ల బిందె తానే మోసుకొచ్చి నా ఎదురుగా కూర్చుంది.

“పది రోజుల కిందనే గద తలకు పోసుకున్నవ్. ఏమైంది బిడ్డా?”

జాకెట్టు జరిపి చూపించాను. పట్టీ చుట్టూ నల్లగా కమిలిపోయి ఉంది.

“మా అక్కకు గూడ గిట్లనే గుచ్చిండ్రు,” అంది.

శుక్రవారం రిపోర్టు వస్తుంది. పెత్రమాసకు పోయినవాళ్ల పేరున బియ్యం ఇచ్చేటప్పుడు, ఏటా ఆ అక్క పేరున కొలిచేది నేనే.